మా వదిన తోకపెన్నుల బేరాలు

అదా? కొవ్వొత్తి గుచ్చుకునేది కాదే తల్లీ అది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అలాగే అంటారు. మొన్న పంపు బాగుచెయ్యడానికొచ్చిన అబ్బాయైతే ఫోను నిలబెట్టుకునే స్టాండా అమ్మమ్మగారూ అన్నాడు. పెన్నుదే అది, పెన్ను కూర్చునే దిమ్మ. ఆ సొరుగులో చూడు, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంటుంది పెన్ను. ఆఁ, అదే. తోక పట్టుకుని లాగకు, నడుం పట్టుకో. ఇప్పుడా గొట్టంలో దించు. మెల్లిగా. చూశావా ఎలా కూర్చుందో! అటు వంచినా ఇటు వంచినా తిరుగుతుంది గానీ పడదు. దీనికి మూతుండదు, జేబుకి తగిలించుకునే క్లిప్పుండదు. జేబులో పెట్టుకునేది కాదుగా, బల్ల మీదే పుట్టి బల్ల మీదే పెరిగే పెన్ను. మా అన్నయ్య బల్లపెన్ను అనేవాడు, వెనక ఇంత పొడుగాటి మొన ఉంది కదాని మేమంతా తోకపెన్ను అనేవాళ్ళం. దీన్ని సంపాదించింది అన్నయ్యే అనుకుంటారు చుట్టాలందరూ. కాదు, మా వదిన. నువ్వు చూళ్ళేదు ఆవిణ్ణి, నువ్వు పుట్టకముందే పోయింది. కూర్చో చెప్తాను. పనేం లేదుగా? ఉన్నా కూర్చో.

మా అన్నయ్యకి పెన్నులు బాగుచేసే కొట్టుండేది. కొట్టంటే కొట్టా అది! కాగితాలూ కవర్లూ అమ్మే షాపుల వీధిలో ఓ మేడ, ఆ మేడకి మెట్లు, ఆ మెట్ల కింద జాగా. లోపల నిలబడితే తల తగుల్తుంది, అందుకని పొద్దున కూర్చున్న మనిషి మళ్ళీ సాయంత్రం లేవడమే. ఒకప్పుడు బాగానే నడిచింది. బాల్‌పెన్నులొచ్చి కొట్టు నోట్లో మట్టికొట్టాయి. అయిపోగానే పారేసేదానికి డాక్టరెందుకు చెప్పు? పొద్దస్తమానం కూర్చుంటే ఎవరో ఒకాయన వచ్చేవాడు, ఆయనైనా టైమెంతయిందని అడగడానికి. నేనప్పటికి బడిలో లెక్కలు చెబుతున్నా, నా జీతంతోనే ఇల్లు గడిచేది. అలా ఈగలు తోలుకుంటూ కూర్చున్న మనిషికి ఓ ఆలోచనొచ్చింది. పాత ఆఫీసులవాళ్ళు బల్లలతోపాటు ఈ తోకపెన్నుల్నీ బయట పడేస్తున్నారట. అమ్మేవాళ్ళకేమో అవి మూతపోయిన పెన్నుల్లా కనిపిస్తాయి, అడ్డగోలు చవగ్గా ఇచ్చేస్తారట. ఇటు చూస్తే కొత్తగా పేరు తెచ్చుకున్న లాయర్లకీ డాక్టర్లకీ బల్ల మీద ఓ పాతకాలపు పెన్ను నిలబెట్టుకోవాలని సరదా. మధ్యలో తను బాగుచేసి అమ్మితే? ఆలోచన బంగారంలాంటిదే. ఒక్కటే తంటా. మా అన్నయ్య చెవులు. ఆఁ, చెవులే! మంచి పెన్ను కంటపడిందా, ఆ మనిషి చెవులు కందగడ్డలైపోయేవి. మొహంలో ఏమీ తెలియనివ్వడు, మాట తొణకదు, చెవులు మాత్రం దీపాల్లా వెలిగేవి. పాతసామాన్ల బజార్లో ఎర్రచెవులాయన అని పేరే పడిపోయింది. ఆయనొస్తుంటే ధరలు లేచి నిలబడేవి. ఇంట్లో పన్నెండు నెలలకి సరిపడా మాటలు పడి ఓ పెన్ను తెచ్చేవాడు, అమ్మితే కొన్న ధరైనా రాదు. మా అమ్మ అనేది, "నాయనా, నువ్వు కొనడం మానేస్తే అదే లాభంరా" అని.

వదినొచ్చి అప్పటికి రెండేళ్ళో ఏమో. మాకావిడ గొంతెలా ఉంటుందో తెలీదంటే నమ్ము. ఏం మాట్లాడుతుంది పాపం? అమ్మ కత్తిపీట ముట్టుకోనివ్వదు, ముక్కలు లావుగా పడతాయని. నేను బట్టలు మడతపెట్టనివ్వను, నా మడతలు నావి. అన్నయ్య తెల్లారితే మెట్లకింద, ఇంటికొస్తే భూతద్దం కింద. మొగుడూపెళ్ళాల మాటలంటే ఇవీ: "ఉప్పు." "ఇదుగో." "గడియ పెట్టావా?" "పెట్టాను." అంతే. ఓ రోజు పొద్దున్నే పెట్టె సర్దుకుని హాల్లోకొచ్చి కూర్చుంది. "అత్తయ్యా, మా ఇంటికి వెళ్తానండీ" అంది. కోపం లేదు, ఏడుపూ లేదు. "ఎన్నాళ్ళకే?" అంది అమ్మ. "ఈ ఇంట్లో నేను చెయ్యాల్సిన పనంటూ ఏదైనా కనబడితే కబురు చెయ్యండి, వస్తాను" అంది. అది అలక కాదు, అలకైతే తీర్చొచ్చు. మరి అన్నయ్యేమన్నాడనుకున్నావ్? "సరే" అన్నాడు. సరేట! పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది నాకు. చెప్పులేసుకుని పెట్టె చేతికి తీసుకోబోతే వదిన ఇవ్వలేదు, తనే పట్టుకుంది. బడి కూడా ఆ దారినే కదాని నేనూ బయల్దేరా.

స్టేషనుకి అడ్డదారి పాతసామాన్ల బజారులోంచి. అక్కడ పేవ్‌మెంటు మీద గోనెపట్టా పరుచుకుని ఒకడు కూర్చుంటాడు, తాళాలు లేని తాళంకప్పలు, కప్పలు లేని తాళాలు, ఒంటికాలు కళ్ళజోళ్ళు, అన్నీ వాడి దగ్గరే. నడుస్తూ నడుస్తూ అన్నయ్య ఆగాడు. నేను పెన్ను చూళ్ళేదు, చెవులు చూశాను. చూడగానే అర్థమైపోయింది. పెళ్ళాం పుట్టింటికెళ్ళిపోతోంది, ఈ మనిషికి తోకపెన్ను దొరికింది! పట్టావాడికి కూడా అర్థమైంది, ఓ ధర చెప్పాడు. ఆ ధర ఇప్పుడు చెప్పినా నాకు కళ్ళు తిరుగుతాయి. అన్నయ్య మాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు టప్పుమని చప్పుడైంది. ఏంటా అని చూస్తే వదిన పెట్టె కిందపెట్టింది. పెట్టడమేంటి, దాని మీద కూర్చుంది! "ఏం బాబూ, దీని మూతేదీ?" అంది. "దీనికి మూతుండదమ్మా" అన్నాడు వాడు. "మూతుండదా? పోయిందని చెప్పు, పాపం నిజం చెబితే నేనేమంటాను? మరి ఈ తోకేంటి ఇంతుంది? సగం కోసి సగం ధరకిస్తావా?" అంది. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. ఆ గొంతు రెండేళ్ళు ఎక్కడ దాక్కుంది? వాడు కాస్త దిగాడు. ఇంకాస్త దిగాడు. "సరేనమ్మా, మీ మాటే, తీసుకోండి" అన్నాడు. బేరం తెగింది కదా, లేస్తుందేమో అనుకుంటే, "మరి పెన్ను కింద ఈ రాతిదిమ్మ సంగతేంటి? పెన్ను కొన్నందుకు రాయి మొయ్యాలా? మోతకూలి ఎవరిస్తారు?" అని మళ్ళీ మొదటికొచ్చింది! లేచి రెండడుగులు వేస్తుంది, తిరిగొచ్చి పెట్టె మీద కూర్చుంటుంది. అవతల రైలు కూత వినిపిస్తోంది. "వదినా, రైలు!" అన్నాను. "ఉండమ్మాయ్" అంది. చివరికి వాడు దణ్ణం పెట్టి, "తీసుకెళ్ళు తల్లీ, నేనింటికెళ్ళాలి" అని రాయితో సహా చేతిలో పెట్టాడు. అన్నయ్య తీసిన నోట్లలో ముప్పాతిక వంతు వెనక్కి తీసుకుని వదినే అన్నయ్య జేబులో పెట్టింది. అప్పటికి రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. అప్పుడు అన్నయ్య, అంతవరకూ తన నోట నేను వినని పొడుగు మాటొకటి అన్నాడు. "నీకు కబురు చెయ్యక్కర్లేదు. నీకిక్కడ చాలా పనుంది." అని పెట్టె తను పట్టుకున్నాడు. ఈసారి వదిన ఇచ్చింది.

ఇహ ఆ రోజునుంచి చూడాలి మా ఇల్లు! భోజనాలవగానే బల్ల తుడిచి పాత పాళీలు పరిచేవాళ్ళు. అన్నయ్య చెప్పడం, వదిన వినడం. పాళీ కింద దువ్వెన పళ్ళలా గాట్లున్న నల్లముక్క ఉందా చూడు, ఉంటే సిరా లోపల నిలవుంచుకునే పెన్ను. లేదా, బుడ్డిలో ముంచి ముంచి రాసే కలం, మనకొద్దు. పాళీ పసుపు రంగులో మెరుస్తోందని మురిసిపోకు, పూతైతే అంచుల్లో, మధ్య చిల్లు చుట్టూ తుప్పు చుక్కలుంటాయి, బంగారానికి తుప్పు పట్టదు. పద్నాలుగు క్యారెట్లని అంకె చెక్కి ఉంటే మరీ మంచిది. అయస్కాంతానికి అతుక్కుందా, అది ఇనుము, లేచొచ్చెయ్. అతుక్కోనంత మాత్రాన బంగారమనుకోకు, మళ్ళీ చూడు. పెన్ను ఒంటిని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడు, అగ్గిపుల్ల గీసినట్టు వస్తే పాతకాలం గట్టిరబ్బరు. నలుపు పోయి కాస్త గోధుమరంగుకి తిరిగితే బెంగపడకు, ఎండకి అలా అవుతుంది, మనకి బేరానికి పనికొస్తుంది. గొట్టంలో దించితే బిగుతుగా కూర్చోవాలి. గలగలలాడితే ఆ పెన్నూ ఆ దిమ్మా వేరువేరు కాపరాలవి. "వేరువేరు కాపరాలు" అన్నప్పుడు వదిన నవ్వేది. ఎంత బాగా నవ్వేదో. అమ్మ కూడా కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చునేది, నాకేం అర్థం కాదర్రా అంటూనే. ఓ రోజు చూస్తే చీపురుపుల్లని బొటనవేలితో రుద్ది వాసన చూస్తోంది!

బజారుకెళ్తే అన్నయ్య ఎదురు పేవ్‌మెంటు మీద, అటు తిరిగి నిలబడాలి, అది వదిన పెట్టిన షరతు. ఆవిడ రుమాలు మడతలో చిన్న అయస్కాంతం. ఆవిడ పద్ధతేంటంటే, పెన్ను అడగదు. ఎప్పుడూ అడగదు. టీ కప్పులు బేరమాడుతుంది, అరగంట ఆడుతుంది, కప్పు ధర దగ్గర పేచీ పెట్టుకుని, "పోనీ ఆ ధరకే తీసుకుంటా గానీ, గాలికి మా వీధి తలుపు కొట్టుకుంటోంది, అడ్డం పెట్టుకోడానికి ఆ రాయొకటి వేసెయ్" అంటుంది. "దాన్లో పెన్నుందమ్మా" అంటాడు వాడు. "ఉంటే ఉండనీ, పీకి పారేస్తాలే" అంటుంది. ఇంట్లో కప్పులెన్ని పోగయ్యాయనుకున్నావ్? వచ్చినవాళ్ళకి ఒకే రకం కప్పుల్లో టీ ఇచ్చిన పాపాన పోలేదు మేము. ఎవరైనా సరే ఆవిడ దగ్గర దిగాల్సిందే. ఒకడైతే ఆవిణ్ణి చూడగానే, "అమ్మగారూ, మీరేం చెప్పకండి, మీరిచ్చేదేదో ఇచ్చి తీసుకెళ్ళండి" అనేవాడు. దానికి ఆవిడకి కోపం, బేరం లేకుండా కొంటే సరుకు చప్పగా ఉంటుందట. అన్నయ్య బాగుచేసేవాడు, లాయర్లు కొనేవాళ్ళు. మెట్లకింద కొట్టుకి మళ్ళీ మనుషులొచ్చారు. ఇంట్లో సరుకులకి నా జీతం తియ్యాల్సిన అవసరం లేకపోయింది, నేనో గొడుగు కొనుక్కున్నా, మంచిది, చెక్క పిడిది. అదీ ఆవిడే బేరమాడిందనుకో. ఆ... ఎక్కడున్నాను?

బంగారుపళ్ళు! ఆయన సంగతి చెప్పాలిగా. పాత ఫర్నిచర్ టోకున కొని అమ్మే పెద్ద వ్యాపారి, ముందు పళ్ళన్నిటికీ బంగారం తొడుగులు. తోకపెన్నుల్లో లాభముందని ఆయనకీ వాసన తగిలింది. కానీ మంచిదేదో చెడ్డదేదో తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరమేముంది, మా అన్నయ్య ఉన్నాడుగా! వేలంపాటలకి అన్నయ్య వెనకే వచ్చేవాడు. అన్నయ్య సామాన్లు చూస్తూ పోతుంటే ఆయన అన్నయ్య చెవులు చూస్తూ పోయేవాడు. ఎక్కడ ఎర్రబడితే అక్కడ పాట పెంచేసి కొట్టుకుపోయేవాడు. మాకు మొదట్లో అర్థమే కాలేదు, వదినే కనిపెట్టింది. "ఏమండీ, ఆయన పెన్నుల్ని చూడట్లేదు, మీ చెవుల్ని చూస్తున్నాడు" అంది. అమ్మ ఉపాయం చెప్పింది, మఫ్లరు కట్టమని. మండుటెండలో ఉన్ని మఫ్లరు! చెవులు దాగాయి గానీ, ఎక్కడైతే అన్నయ్య చెయ్యి మఫ్లరు సవరించుకుంటుందో అక్కడ పాడటం మొదలుపెట్టాడాయన. ఇంటికొచ్చి మఫ్లరు విసిరికొట్టి అన్నయ్య, "నేనిక రాను, నువ్వొక్కదానివే వెళ్ళు" అన్నాడు. "మీరు రాకపోతే ఎలా? ఆయన మీ వెనకే వస్తాడు. మీరుంటేనే నాకు లాభం" అంది వదిన. ఏంటి దానర్థమని అడిగితే చెప్పలేదు. అప్పటికి తనకీ పూర్తిగా తట్టలేదనుకుంటాను.

తర్వాత ఓడల కంపెనీ ఆఫీసు మూసేశారు. పెద్ద మేడ, పెద్ద హాలు, సామానంతా వేలం. పొద్దున్నే చూసుకోవచ్చు, ఆనక పాట. మేం ముగ్గురం వెళ్ళాం, బడికి సెలవు పెట్టి మరీ వెళ్ళా నేను. పెద్దదొర గదిలో బల్ల మీద ఓ సెట్టుంది. అబ్బో, దాని దర్జా! గుర్రం బొమ్మ, రెండు కాళ్ళు పైకెత్తింది, అటో పెన్ను ఇటో పెన్ను, ఒళ్ళంతా పసుపు మెరుపు. అన్నయ్య ఒక్కసారి చూసి చల్లబడిపోయాడు. పాళీల మీద పూత, చిల్లు చుట్టూ తుప్పు, పెన్నులు గొట్టాల్లో గలగలా. అంతా వేషం. చెవులు మామూలుగానే ఉన్నాయి. ఈలోగా వదిన కనబడలేదు. వెనక గదిలో విరిగిన దీపాలు, రబ్బరుస్టాంపులు, కాగితాలకి చిల్లులు పొడిచే మిషన్లు కుక్కిన చెక్కపెట్టె ఒకటుంది. దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తాళంచెవి పడిపోయిందని వెతుకుతోంది. ఏ తాళంచెవి? మా ఇంటి తాళంచెవి నా మెళ్ళో ఉంది! నేను నోరు తెరవబోతే ఒక్క చూపు చూసింది, మూసేశాను. బొటనవేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. రుమాలుతో దేన్నో తుడిచింది. లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుంది. "మీ అన్నయ్యని ఈ గదిలోకి రానివ్వకు. ప్రాణం పోయినా రానివ్వకు" అంది.

అప్పుడు చూడూ, తిన్నగా అన్నయ్య దగ్గరికెళ్ళింది. అన్నయ్య ఇంకా ఆ గుర్రం ముందే నిలబడున్నాడు, బంగారుపళ్ళు నాలుగడుగుల వెనక. వదిన అన్నయ్య పక్కన నిలబడి, గుర్రాన్నే చూస్తూ, కాస్త ఒరిగి ఆయన చెవిలో ఏదో చెప్పింది. నేను వినకూడదనే అంత మెల్లిగా చెప్పింది, కానీ ఆడపడుచు చెవులు కదే, ఊరుకుంటాయా? "ఆ రోజు పట్టావాడి బేరం మొదట్లోనే తెగిపోయిందండీ. రైలు వెళ్ళిపోయేదాకా నేనే సాగదీశాను" అంది. అంతే! అమ్మో, ఆ చెవులు! ఎర్రబడటమంటే అది! అంతకుముందు ఎర్రబడ్డవన్నీ ఉత్తివే. మెడదాకా పాకింది, బుగ్గలకెక్కింది. ఆ గుర్రాన్ని అలా చూస్తూ మెరిసిపోతున్నాడు. వెనకనుంచి బంగారుపళ్ళు చూశాడు. ఒకసారి గుర్రాన్ని చూశాడు, ఒకసారి చెవుల్ని చూశాడు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుకున్నాడు. నాకప్పుడు తెలిసింది, మీరుంటేనే నాకు లాభం అంటే ఏంటో.

పాట మొదలైంది. గుర్రం రాగానే బంగారుపళ్ళు చెయ్యెత్తాడు. వదినా ఎత్తింది. ఆయన పెంచాడు. వదిన మొహం వేలాడేసి, అన్నయ్య చొక్కా పట్టుకుని లాగి, అయ్యో అన్నట్టు చూసి, మళ్ళీ ఎత్తింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి, ఆయన మానేస్తే గుర్రం మా నెత్తినే పడుతుంది! అలా ఎంతదాకా తీసుకెళ్ళిందో తెలుసా, హాల్లో వాళ్ళందరూ మాటలాపి మా వైపే చూస్తున్నారు. ఇంకొక్కసారి ఎత్తుతుందేమోనని నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నా. సరిగ్గా అక్కడ ఆపి, కళ్ళు దించేసుకుంది. సుత్తి పడింది. బంగారుపళ్ళు అందరికేసీ చూసి తలాడించాడు, వీధంతా గెలిచినట్టు. తర్వాత బోలెడు కుర్చీలు, బీరువాలు పోయాక ఆఖర్న ఆ చెక్కపెట్టె వచ్చింది. పాటవాడే సిగ్గుపడుతూ, "ఎవరైనా?" అన్నాడు. వదిన, "మా ఆడపడుచు బళ్ళోకి చిల్లులు పొడిచే మిషను కావాలండీ" అంది. నాకేం తెలుసు, "నాకొద్దు వదినా, ఇంత చెత్త ఇంట్లో ఎక్కడ పెడతావ్!" అని నిజంగానే అరిచాను. హాలంతా నవ్వులు. సుత్తి కూడా కొట్టలేదు వాడు, తీసుకెళ్ళండమ్మా అని చెయ్యి ఊపాడు. ఇచ్చింది మూడు కాఫీల డబ్బులుంటుందేమో. అసలు రుచి ఇక్కడుంది విను. పెట్టె బరువు, మేం ఈడవలేక ఈడుస్తుంటే బంగారుపళ్ళే పరిగెత్తుకొచ్చాడు. పాపం మంచివాడే. "ఉండండమ్మా, మీకు గుర్రం దక్కలేదు, ఇదైనా నేను పట్టిస్తా" అని తన చేతుల్తో ఎత్తి బండిలో పెట్టాడు! "మీ మేలు మర్చిపోము" అంది వదిన. నేను రుమాలు నోట్లో కుక్కుకున్నా.

ఇంటికొచ్చి తలుపులేసి పెట్టె తెరిస్తే, రబ్బరుస్టాంపుల కింద బురద రంగులో ఓ పొడుగాటి రాతిదిమ్మ, దానికి రెండు గొట్టాలు. ఒకదాన్లో పెన్ను సిరా ఎండిపోయి బిగుసుకుపోయింది, రెండోది పెన్సిళ్ళ కట్టలో కట్టేసుంది. అన్నయ్య లాగనివ్వలేదు. గోరువెచ్చటి నీళ్ళు చుక్కా చుక్కా పోసి అలా వదిలేశాడు, మా అమ్మ దానిచుట్టూ తిరుగుతూ "వచ్చిందా, వచ్చిందా" అని. వచ్చింది మర్నాడు. రాయి కడిగితే పచ్చటి పచ్చ, లోపల తెల్లటి తీగలు పారినట్టు. రెండు పెన్నులకీ అసలైన బంగారు పాళీలు, గీత పడలేదు, తోక విరగలేదు. కుళ్ళిపోయిన రబ్బరు తిత్తులు మార్చి సిరా పోసి గీస్తే పట్టు మీద జారినట్టు జారింది. పెట్టె అడుగున ఇంకొకటి, వదిన కూడా చూడనిది, దిమ్మతో సహా దొరికింది. అదే ఇది, ఈ చిన్న నల్లది. పచ్చదాన్ని తర్వాతెప్పుడో ఓ గుండె డాక్టరు కొనుక్కున్నాడు, బేరమాడబోయి వదిన మొహం చూసి మానుకున్నాడు. దీన్ని మాత్రం అమ్మనివ్వలేదు ఆవిడ. పచ్చది ఇంకా అమ్ముడుపోకముందే ఓ రోజు బంగారుపళ్ళు గుర్రాన్ని సంచిలో వేసుకుని మా కొట్టుకే వచ్చాడు, రాయట్లేదు చూడమని. అన్నయ్య పాళీ తీసి తుప్పు చూపించాడు. ఆయన తుప్పు చూశాడు, అన్నయ్య చెవులు చూశాడు, మామూలుగా ఉన్నాయి. తలెత్తితే అద్దాల పెట్టెలో పచ్చరాయి. ఎక్కడిదని అడిగితే వదిన, "మీరే ఎత్తి బండిలో పెట్టారు కదండీ" అంది. నేననుకున్నా, ఇవాళ కొట్టు పీకి పందిరేస్తాడని. తీరా చూస్తే, కడుపు పట్టుకుని నవ్వాడు చూడూ, పళ్ళ బంగారమంతా బయటికి పడుతుందేమో అనిపించింది. ఆ తర్వాత ఆయన కొన్న పెన్ను ప్రతిదీ ముందు వదినకి చూపించి కొనేవాడు. ఊరికే చూసేది కాదులే ఆవిడ.

ఆ డబ్బుతో మెట్లకింద నుంచి బయటపడ్డాం. అదే వీధిలో మొదట్లో మంచి కొట్టు ఖాళీ అయింది, నిలబడితే తల తగలదు, రెండు వైపులా అద్దాలు. యజమాని ఒప్పందం కాగితం రాయించుకుని మా ఇంటికే వచ్చాడు. కాగితం అన్నయ్య ముందు పెట్టాడు. అన్నయ్య దాన్ని వదిన వైపు జరిపాడు. "సంతకం మీరు పెట్టాలి కదండీ" అన్నాడాయన. "కొట్టు ఆవిడది. నేను అందులో పనిచేస్తాను" అన్నాడు అన్నయ్య. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "అవును" అంది, ఎవరూ అడక్కపోయినా. వదిన ఈ పెన్ను తీసింది, ఇదే పెన్ను. కాగితం మీదికి తీసుకొచ్చి, పాళీ ఆనీ ఆనకుండా ఆపేసింది. "అద్దె ఎంతన్నారూ?" అంది. ఆయన చెప్పాడు. పెన్ను లేచింది. ఆయన కాస్త తగ్గించాడు. పెన్ను దిగింది. "పైకప్పు కారుతుందటగా, ఎవరు బాగుచేయిస్తారు?" అంది. "మీరే..." అనేలోగా పెన్ను మళ్ళీ లేచింది. "నేనే, నేనే చేయిస్తానమ్మా!" అన్నాడు. దిగింది. "గోడలకి సున్నం?" "నేనే." "ముందు తలుపు గొళ్ళెం వదులుగా ఉంది." "మార్పిస్తాను తల్లీ, సంతకం పెట్టండి!" ఆయన నుదుటికి చెమటలు, మా అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి నవ్వాపుకోలేక. అప్పుడు పెట్టింది సంతకం. ఇంతింత అక్షరాలు, కాగితం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఎవరూ చదవలేకపోయామనడానికి వీల్లేకుండా. పెట్టి, తల పక్కకి వంచి చూసుకుని, "ఊహూఁ, తోక ఇంకాస్త పొడుగ్గా లాగాలి" అని మళ్ళీ పాళీ ఆనించి, లాగింది...

ఆ.

అంతే కథ. ఏంటలా చూస్తున్నావ్? లే, ఆ కిటికీ మూసిరా, చినుకులు పడుతున్నాయి. వస్తూ వస్తూ ఆ లైటు కూడా వెయ్యి. టీ పెట్టుకుందామా?